చిన్నది పోవును, పెద్దది పోదు



మన కలకడ మండీకి టమోటాలు తోలు రైతులకు బండి యెత్తు, బాట వెడల్పు అను మాటలు క్రొత్తవి కావు. ఒక వరుస బాక్సులు ఎక్కువగా పేర్చిన లారీ చింతకొమ్మ క్రింద పట్టక నిలిచిపోవును. దాని వెనుక వచ్చిన మోటారుసైకిలు తల వంచకయే సాగిపోవును. మోటారుసైకిలువాని నడిగినచో దారి బాగుగనే యున్నదనును. లారీవాని నడిగినచో దారియే లేదనును. ఇరువురును నిజమే చెప్పుచున్నారు.

కంప్యూటరు నుండి కంప్యూటరునకు వార్తలను మోయు దారులలోను ఇట్టి చిక్కు కలదు. చిన్న మూట పోవును, పెద్ద మూట పోదు. పోకపోవుట యటుండగా, పోలేదని వచ్చి చెప్పువాడును ఒక్కొక్కప్పుడు ఉండడు. ఈ దోషమును గుర్తించుట యెట్లు, సవరించుకొనుట యెట్లు అనునది నేటి నా ప్రసంగ విషయము.

జీవితమంతయు సంధులు, సమాసములు, ఛందస్సు చెప్పుకొన్న తెలుగు పండితునకు దీనితో నేమి పని యని మీరడుగవచ్చును. నేను చేసిన యొక తప్పు నన్నీ విషయము దగ్గరకు నడిపించినది. ముందుగా దానిని చెప్పుకొందును.

2021లో కరోనా కారణమున బడులు మూతపడి యున్న దినములలో, పదవీ విరమణము చేసిన నేను ఊరక కూర్చుండలేక, ఊరిలోని కొందరు పిల్లలకు ఇంటినుండియే తెలుగు పాఠములు చెప్పుచుంటిని. వారు నోటుబుక్కులో వ్రాసిన పుటలను ఫోటో తీసి నాకు పంపవలెను. నేను దిద్ది తిరిగి పంపవలెను. పిల్లలలో ఒక అక్కయు తమ్ముడును ఉండిరి. వారి పుటలు ఎన్నడును రావు. అడిగినచో ఆ పిల్ల, "సార్, మాటలు రాసి పంపితే పోతాయి. పేజీ ఫోటో తీసి పంపితే మాత్రం తిరుగుతానే ఉంటాది" అనెడిది. మాట పోవునట, పుట పోదట! నలువది బడుల సాకులు వినిన చెవులివి. "పాఠము వ్రాయనివాడికి ఫోటో ఎట్లు వచ్చును?" అని అందరు పిల్లలు వినుచుండగనే నేనంటిని. మరునాటినుండి ఆ పిల్ల పాఠమునకు వచ్చుట మానినది.

రెండు నెలల పిదప నేనును వారు తెచ్చుకొన్న తంతినే మా యింటికి తెచ్చుకొంటిని. ఆ తంతి యిచ్చినవారెవరో చెప్పను, చెప్పవలసిన పనియు లేదు. మన రాష్ట్రమున కరెంటు స్తంభముల మీదుగా గాజుతంతి లాగు ఫైబర్‌నెట్ పథకమును 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ప్రారంభించిరి గదా. నేను చెప్పు తంతికి ఆ పథకముతో సంబంధము లేదు. ఈ దోషము ఏ దేశమున ఎవరి తంతికైనను రాగలదు. వచ్చిన మొదటి వారముననే నా పెన్షను కాగితము నొకదానిని ఫోటో తీసి పంపబోయితిని. గుండ్రని గుర్తు తిరుగనారంభించినది. అది తిరుగుచునే యున్నది. కుశలమా యని వ్రాసిన మాట మాత్రము రెప్పపాటులో పోయినది. అప్పుడు నాకు ఆ పిల్ల మాట గుర్తునకు వచ్చెను. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

ఇక విషయములోనికి వత్తము. కంప్యూటరు ఒక పెద్ద వార్తను ఒకే ముద్దగా పంపదు. తాటియాకు గ్రంథమును తలచుకొనుడు. భారతమంతయు ఒకే యాకు మీద పట్టదు. అందుచే ఆకులుగా చేసి, ఒక్కొక్క యాకు ప్రక్కన సంఖ్య వేసి, త్రాట గ్రుచ్చిరి. త్రాడు తెగి ఆకులు చెదరినను సంఖ్యను బట్టి మరల కూర్చుకొనవచ్చును, ఏ యాకు పోయినదో తెలిసికొనవచ్చును. కంప్యూటరును సరిగా నట్లే చేయును. వార్తను ముక్కలుగా చేసి, ప్రతి ముక్కకు సంఖ్య వేసి, పంపినవారి చిరునామా, చేరవలసినవారి చిరునామా పైన వ్రాసి విడుచును. ఈ ముక్కకే ప్యాకెట్టని పేరు. అందని ముక్కను మరల పంపును. అన్నియు చేరినగాని వార్త పూర్తి కాదు.

ప్యాకెట్టును కొలుచు మానము బైటు. ఇంగ్లీషు అక్షరమొకటి ఒక బైటులో ఇముడును. మన తెలుగు చిహ్నమొక్కటికి, నేడు అంతటను వాడుకలో నున్న పద్ధతి ప్రకారము, 3 బైట్లు కావలెను. కలకడ అను నాలుగక్షరములకు 12 బైట్లు. లక్ష్మి యనునది మన కంటికి రెండక్షరములే కాని, యంత్రము లకారమును, కకారమును, పొల్లును, షకారమును, మరల పొల్లును, మకారమును, గుడిని వేరువేరుగా లెక్కించును. ఏడు చిహ్నములు, 21 బైట్లు. సంయుక్తాక్షరమును విడదీసి చూపుటలో ఈ యంత్రము వైయాకరణునికంటె తక్కువది కాదని నాకు ముచ్చట కలిగినది.

సాధారణముగా ఒక ప్యాకెట్టు 1500 బైట్లకు మించదు. అందులో చిరునామా మొదలగువానికి 40 బైట్లు పోగా, అసలు వార్తకు 1460 మిగులును. ఉత్పలమాల పద్యమునకు 80 అక్షరములు గదా. గుణింతములు, ఒత్తులు కలిపి రెండువందల చిహ్నములని ఉజ్జాయింపుగా అనుకొన్నచో 600 బైట్లు. ఒక ప్యాకెట్టులో రెండు పద్యములు పట్టును, మూడవది పట్టదు. కుశలప్రశ్నయైనచో ప్యాకెట్టులో పదవవంతైన నిండదు. నోటుబుక్కు పుట ఫోటో 200 కిలోబైట్లున్నదనుకొన్నచో 141 ప్యాకెట్లు కావలెను. చివరిది తప్ప తక్కినవన్నియు అంచుల వరకు నిండినవే. ఆ పిల్ల మాట పోయి పుట పోకపోవుటలోని మర్మ మిక్కడనే యున్నది.

ఈ 1500 సంఖ్య ఎక్కడిదన, ఈథర్‌నెట్ అను తంతిపద్ధతి నుండి వచ్చినది. అమెరికాలో జిరాక్స్ సంస్థ పరిశోధనశాలలో 1973లో రాబర్ట్ మెట్‌కాఫ్ మొదలగువారు దానిని కల్పించిరి. 1980లో మూడు సంస్థలు కూడి ప్రకటించిన నియమములలో ఈ కొలత స్థిరపడినది. ఇంటర్నెట్టు నియమముల ప్రకారము ప్యాకెట్టు 65,535 బైట్ల వరకు ఉండవచ్చును. కాని నియమము వేరు, దారి వేరు. ఒక దారి ఒక్కమారుగా మోయగల పెద్ద మూట కొలతకు ఎం.టి.యు. అని పేరు పెట్టిరి. మా యింటిలోని తంతికి ఒక ఎం.టి.యు., వీధిలోని దానికి వేరొకటి, బెంగుళూరు పోవుదానికి ఇంకొకటి ఉండవచ్చును. అన్నింటిలోను ఏది ఇరుకో అదియే మొత్తము దారికి కొలత.

ఇరుకు ఎందుచేత వచ్చునందురా? ఇరుకనగా తంతి సన్నబడుట కాదు, మూటమీద మూట చుట్టుట. పేరు, రహస్యపదము అడిగి లోనికి విడుచు తంతులు కొన్ని కలవు. అందుకై 1999లో ప్రకటింపబడిన యొక పద్ధతిలో ప్రతి ప్యాకెట్టు పైనను 8 బైట్ల తొడుగు వేయుదురు. తొడుగుతో కలిపి 1500 కావలెను గనుక లోపలిది 1492కు తగ్గును. వార్తలు ఇతరులకు తెలియకుండ గుప్తముగా పంపువారు మరియొక తొడుగు వేయుదురు. ఒక సంస్థ తంతిమీద వేరొక సంస్థ తన వార్తలను నడిపినచో ఇంకొక తొడుగు. బీరువాకు దుప్పటి చుట్టి, దానిపై గోనె చుట్టి, గుమ్మములో పట్టలేదన్నట్లు!

పెద్ద మూట ఇరుకు దగ్గరకు వచ్చినప్పుడు చేయదగిన పనులు రెండు. మూటను విప్పి చిన్న మూటలు చేసి పంపుట మొదటిది. పాకాల ధర్మవరము రైలుమార్గము పూర్వము మీటరుగేజిగా నుండినది మీలో పలువురకు జ్ఞాపకముండును. పెద్ద పట్టాల మీద వచ్చిన సరకును కొలత మారుచోట దింపి, చిన్న బండ్లలో మరల ఎక్కింపవలసి వచ్చెడిది. కూలి దండుగ, కాలము దండుగ, ఒక బస్తా జారినచో తగవులు. కంప్యూటరు దారులలోను అంతియే. తునుకలలో ఒకటి పోయినచో ప్యాకెట్టంతయు పనికిరాక మొదటినుండి పంపవలసి వచ్చును. విడదీయుట హానికరమని 1987లోనే కెంట్, మోగుల్ అను విద్వాంసులు వ్యాసము వ్రాసిరి.

అందుచే రెండవ పద్ధతి మేలని తోచినది. ప్యాకెట్టు మీద "విడదీయరాదు" అను గుర్తు వేసి పంపుదురు. ఇరుకు దగ్గరనున్న రౌటరు, అనగా దారి చూపు పెట్టె, దానిని పోనీయక పారవేసి, పంపినవానికి ఒక చిన్న కబురు పంపును. పట్టలేదు, విడదీయుటకు నీ అనుజ్ఞ లేదు అని దాని భావము. 1981లో ఈ కబురు నియమమును వ్రాసినప్పుడు పట్టలేదనుటయే కాని, ఎంతైన పట్టునో చెప్పు నేర్పాటు లేదు. 1990 నవంబరులో మోగుల్, డీరింగ్ అనువారు ప్రకటించిన నియమమున, ఆ కబురులో వాడకయున్న ఖాళీలోనే కొలతను కూడ వ్రాయు నేర్పాటు చేసిరి. ఇప్పుడు కబురు "నాకు 1492 వరకే పట్టును" అని స్పష్టముగా చెప్పును. పంపువాడు మూట తగ్గించుకొని మరల పంపును. ఇదంతయు కన్ను మూసి తెరచునంతలో జరిగిపోవును. మనకు తెలియనే తెలియదు.

మరి చిక్కెక్కడ? కబురు రాకపోవుటలో. ఇరుకైన దారి దోషము కాదు. ఇరుకని చెప్పకపోవుట దోషము. చెప్పకపోవుటకు కారణములు కొన్ని కలవు. పెట్టెలలో కొన్నిటికి ప్యాకెట్టును ఈ తంతినుండి ఆ తంతికి త్రోయుటయే తెలియును గాని, కబురు పంపుట తెలియదు. వానికి స్విచ్చులని పేరు. పెద్దది వచ్చినచో మాట లేక పారవేయును. ఇక రెండవ కారణము మనుష్యులు తెచ్చిపెట్టుకొన్నది. దొంగల భయముచే వాకిట కావలి పెట్టి, ఎరుగనివాని నెవ్వనిని లోనికి రానీయకుమని చెప్పినచో, ఆ కావలివాడు దొంగతో పాటు టపావానిని కూడ వెళ్లగొట్టును. ఫైర్‌వాల్ అను కావలి పెట్టెలకు ఇట్టి మూర్ఖపు ఆజ్ఞ లిచ్చువారు నేటికిని కలరు. కబురు వాకిలివరకు వచ్చి వెనుకకు పోవును. లోపలివాడు ప్యాకెట్టు దారిలో తప్పినదనుకొని దానినే, అదే కొలతతో, మరల మరల పంపుచుండును. గుండ్రని గుర్తు తిరుగుటయనగా నిదియే.

బెంగుళూరిలో ఇట్టి పనియే చేయు మేనల్లుడొకడు నాకు కలడు. మరునాడు తెల్లవారకమునుపే వానికి ఫోను చేసి, చూచినదంతయు చెప్పితిని. వాడు విని, "దారి తెగలేదు మామా, యాడనో ఇరుకుంది. కొలిచి చూస్తాం పట్టు" అనెను. వైద్యుడు నాడి పట్టినట్లు వాడు ఫోనులో చెప్పగా నేను చేసిన పరీక్షనే మీకు చెప్పుచున్నాను. మీ మనుమల చేత చేయింపవచ్చును.

పరీక్షకు సాధనము పింగ్ అనునది. మైక్ మ్యూస్ అను అమెరికా దేశీయుడు 1983 డిసెంబరులో దీనిని వ్రాసెను. నీటిలోనికి ధ్వనిని పంపి, తిరిగివచ్చు ప్రతిధ్వనిని బట్టి ఓడల జాడ తెలిసికొను యంత్రమొకటి కలదు. దాని శబ్దమే ఈ పేరు. మనము ఒక చోటికి చిన్న పలకరింపు పంపుదుము, అచటివాడు బదులు పలుకును. ఎంత పెద్ద పలకరింపు పంపవలెనో మనమే నిర్ణయింపవచ్చును. విండోస్ కంప్యూటరులో నల్లని తెర తెరచి, పింగ్ అని వ్రాసి, అడ్డగీత ఎఫ్, అడ్డగీత ఎల్, పిదప కొలత, చివర చేరవలసిన చోటి పేరు వ్రాయవలెను. ఎఫ్ అనునది విడదీయరాదను గుర్తు. లినక్సులో మాత్రము అడ్డగీత పెద్ద ఎం, డు, అడ్డగీత ఎస్, కొలత అని వ్రాయుదురు. మనము వ్రాయు కొలతకు 28 బైట్ల చిరునామా మొదలగునవి చేరును. కనుక 1472 అని వ్రాసినచో దారిమీద పోవునది 1500. ఈ 28ని మరచినవారు లెక్క తప్పి చిక్కుపడుదురు. నేనును మొదట తప్పితిని.

మొదట కొలత చెప్పకయే పలకరించితిని. అప్పుడు పోవునది 32 బైట్లే. బదులు వచ్చెను. 1400 పంపితిని, వచ్చెను. 1473 పంపగా బయటికి పోకమునుపే మా కంప్యూటరే విడదీయక వీలుకాదని చెప్పెను. దాని తంతి కొలత 1500 అని దానికి తెలియును. 1472 పంపితిని. ఈ మారు అదే మాటను మా యింటి రౌటరు చెప్పెను. దానికి 1492 వరకే పట్టును, ఆ మాట అది మర్యాదగా చెప్పినది. అంతవరకు అంతయు సక్రమమే. 28ని చేర్చినచో 1492 అగునట్లు 1464 పంపితిని. బదులు లేదు, కబురు లేదు. గడువు దాటినదను ఒక్క వాక్యము మాత్రము నాలుగుమారులు తెరపై కనబడెను. "దొరికె మామా" అని మేనల్లుడనెను.

ఈ మూడు జవాబుల భేదమే పరీక్షకు ప్రాణము. బదులు వచ్చినచో దారి పట్టుచున్నది. పట్టలేదని కబురు వచ్చినచో ఇరుకున్నది కాని యంత్రము దానిని తానే సర్దుకొనును, మీరు చింతింప నక్కరలేదు. చిన్నదానికి బదులు వచ్చి పెద్దదానికి మౌనము కలిగినచో రోగమక్కడ నున్నది.

తరువాత ఆ హద్దెక్కడనో వెదకితిమి. 1400 పోవుచున్నది, 1464 పోవుటలేదు. ఒక్కొక్క సంఖ్యయే చూచుకొనుచు పోనక్కరలేదు, నడిమిది చూచిన చాలును. 1432 పోలేదు. 1416 పోలేదు. 1408 పోయినది. 1412 పోయినది. 1414 పోలేదు. 1413 పోలేదు. ఆరు పరీక్షలలో తేలినది. 1412 పోవును, దానికి ఒక్క బైటు చేర్చినచో పోదు. 28 కలుపగా దారి కొలత 1440. మా తంతి 1492 అని చెప్పుకొనుచు, నడుమ నెక్కడనో ఎవరో తొడుగు వేయగా 1440 అయి, ఆ సంగతి చెప్పు దిక్కులేకున్నది.

ఒక్క బైటు దగ్గర తెగుటను గట్టిగా పట్టుకొనవలెను. తంతి పాడైనను, గాలిలో సంకేతము సన్నగిల్లినను ప్యాకెట్లు పోవును. కాని అప్పుడు చిన్నవి కొన్ని, పెద్దవి కొన్ని పోవును. ఒకమారు పోయినది ఇంకొకమారు రాదు. కొలత దోషమున అట్లు కాదు. 1412 పదిమారులు పంపినను పదిమారులు వచ్చును, 1413 పదిమారులు పంపినను ఒక్కమారైనను రాదు. అందుచే హద్దు దొరికిన పిదప రెండువైపులను పలుమారులు పరీక్షింపవలెను. మరియు కొందరు పెద్ద పలకరింపులకు కావలెననియే బదులు చెప్పరు. అది వారి యింటి మర్యాద, దారి దోషము కాదు. కనుక రెండు మూడు వేరువేరు చోట్లకు పంపి, అన్నిటికిని ఒకే హద్దు వచ్చినప్పుడే నమ్మవలెను. ఇంకొక మాట. పోవు దారియు వచ్చు దారియు ఒకటే కానక్కరలేదు. మా యింట పంపుట చెడి, వచ్చుట బాగుండెను. వచ్చు దారి ఇరుకైన యిండ్లలో పుట తెరువబోగా పైన పేరు మాత్రము కనబడి లోపల తెల్లగా నిలిచిపోవుట జరుగును.

మందునకు వత్తము. కబురును రానిచ్చుట అన్నిటికంటె సరియైన మందు. కావలి పెట్టెలను కట్టువారు ఈ యొక్క కబురునైన అడ్డగింపరాదు. కాని అది మన చేతిలోని పని కాదు. మన చేతిలో నున్నది మన యింటి రౌటరు. దానిలో ఎం.టి.యు. అను చోట 1492 అని యున్నదానిని 1440 అని దిద్దితిమి. దిద్దకమునుపు పాత సంఖ్యను క్యాలెండరు వెనుక వ్రాసి పెట్టుకొంటిని, మీరును అట్లు చేయుడు. రౌటరులు సామాన్యముగా దీనిని బట్టి, రెండు కంప్యూటర్లు సంభాషణ మొదలుపెట్టునప్పుడే ఒప్పందమును సవరించును. 40 పోగా 1400 మించిన ముక్కలు నీవును పంపకుము, నేనును పంపను అని. అప్పుడు ఇరుకు దగ్గరకు పెద్ద మూటయే పోదు. మూటలు చిన్నవి చేసినచో వేగము తగ్గదా యందురేమో. 1500లో 40 బైట్ల చిరునామా యనగా నూటికి 2.7, 1440లో నూటికి 2.8. ఆ భేదము కంటికి కనబడునది కాదు. అట్లని భయపడి వేయికి దిగువకు తగ్గింపరాదు. ఇంటర్నెట్టు ఆరవ కూర్పున ప్రతి దారియు 1280 అయినను మోయవలెనని నియమము. అందున్న రౌటరులు మూటను విడదీయనే విడదీయవు. కబురును నమ్ముకొనక, పంపువాడే కొంచెము కొంచెముగా పెంచుచు దారిని తెలిసికొను పద్ధతి 2007లో ప్రకటింపబడినది. అది అన్ని యంత్రములలోను తెరచి యుంచబడలేదు.

తంతి యిచ్చినవారికిని వ్రాసితిమి. అంతకుమునుపు రెండుమారులు ఫోను చేసి లైను బాగుగా లేదని చెప్పగా, వారు తమ చోటినుండి చిన్న పలకరింపు పంపి చూచి, బాగుగనే యున్నదని చెప్పిరి. మోటారుసైకిలువాని సాక్ష్యము! ఈ మారు మేనల్లుడు చెప్పగా, 1412 పోవుచున్నది, 1413 పోవుటలేదు, మూడు చోట్లకు చూచితిమి, రౌటరు దాటిన పిదప మౌనము అని నాలుగు పంక్తులు వ్రాసితిని. పదునైదు దినములకు ఒక కుర్రవాడు వచ్చి, నడుమనున్న యొక పెట్టెలో కొలత తప్పుగా నున్నదనియు, సవరించితిమనియు చెప్పిపోయెను. క్యాలెండరు వెనుక సంఖ్యను చూచి మరల 1492 వేసితిని. క్యాలెండరు వెనుక సంఖ్యను చూచి మరల 1492 వేసితిని.

అంతకు పదునైదు దినములు ముందే, మా రౌటరును దిద్దిన నాటి సాయంకాలమే, నేను ఆ పిల్ల యింటికి పోయితిని. వాళ్ల నాయన మంచము వేసి కూర్చుండుమనెను. కూర్చుండక, ముందుగా ఆ పిల్లను పిలిచి, నీవు చెప్పినది నిజము, నేనన్నది తప్పు అని చెప్పి, పిదప వారి రౌటరులోను 1440 వేయించితిని. ఆ పిల్ల ఏమియు అనలేదు. రాత్రి యెనిమిది గంటలకు నా ఫోను మ్రోగినది. ఒకటి వెంట నొకటి పదునాలుగు పుటలు వచ్చినవి. ప్రతి పుట పైనను ఎడమవైపున వ్రాసిన దినము తేది యున్నది. మొదటిది నేను ఆ మాట అనిన దినమునకు నాలుగు దినములు ముందుది. తేదీల వరుసను అన్నిటిని దిద్దితిని. సవర్ణదీర్ఘ సంధిలో రెండు తప్పులున్నవి.